కొట్టొద్దని రాసిన కాగితం

2025 మే 20న సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వాలకు హోంవర్కు ఇచ్చింది. గృహహింస చట్టం కింద రక్షణాధికారులు లేనిచోట్ల పెట్టండి, జిల్లాల్లో, తాలూకాల్లో మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులకు ఆ బాధ్యత అప్పగించండి, గడువు ఆరు వారాలు అంది. బాగానే ఉంది. ఇంతకీ ఆ చట్టం ఏనాటిది? 2005 నాటిది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. అంటే పద్దెనిమిదేళ్లు దాటాక, 'అయ్యా, చట్టం సరే, దాన్ని నడిపే మనిషేడి?' అని దేశంలోకెల్లా పెద్ద కోర్టు అడగాల్సి వచ్చింది. పెళ్లికూతుర్ని పీటల మీద కూర్చోబెట్టి, పద్దెనిమిదేళ్లయ్యాక పెళ్లికొడుకును వెతకడానికి మనుషుల్ని పంపినట్టుంది.

మరి ఇన్నేళ్లూ సర్కార్లు నిద్రపోయాయా? అబ్బే, అలా అంటే కళ్లుపోతాయి. ఎంత పని జరిగిందని! మార్చి 8న ముగ్గుల పోటీలు జరిగాయి. శాలువాలు కప్పారు. ఒక పార్టీ ఆడపడుచులంది, ఇంకో పార్టీ అక్కచెల్లెమ్మలంది, మరో పార్టీ ఆడబిడ్డలంది. చుట్టరికాలు కలుపుకోవడంలో మన నాయకులను మించినవాళ్లు లేరు. ఆ ఆడపడుచు చెంప వాచి కలెక్టరేటు మెట్లెక్కితే మాత్రం, 'మేడం మీటింగులో ఉన్నారు, రేపు రామ్మా.'

చట్టం చదవడానికి ముచ్చటగా ఉంటుంది. దరఖాస్తు అందాక మామూలుగా మూడు రోజుల్లోపే మొదటి వాయిదా పడాలి. నోటీసు రెండు రోజుల్లో అవతలివాడి చేతికి అందాలి. మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చేయడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలి. ప్రయత్నం జరుగుతూనే ఉంది లెండి. బిడ్డ చంకలో ఉండగా వేసిన గృహహింస కేసుకు, ఆ బిడ్డ బడికి పోయే వయసొచ్చినా ప్రయత్నం ఆగదు. మన కోర్టుల పట్టుదల అలాంటిది.

అసలు ఈ చట్టం అడిగేదేమిటి? మొగుణ్ని జైల్లో తోయమనా? కాదు. దానికి వేరే సెక్షను ఉంది. నిన్నటిదాకా 498ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85. ఇది సివిల్ ఊరట. కొట్టొద్దు. ఆమె పనిచేసే చోటికి వెళ్లి గొడవ చేయొద్దు. ఫోన్లు చేసి బెదిరించొద్దు. ఆమె బంగారం అమ్మొద్దు. ఇంట్లోంచి గెంటొద్దు. పిల్లలకు తిండికి, మందులకు డబ్బివ్వు. ఇంతే. పెళ్లాలకే కాదు, తల్లికీ, చెల్లికీ, కూతురికీ, పెళ్లి కాకుండా కలిసి బతుకుతున్న మనిషికీ వర్తిస్తుంది. పింఛను డబ్బు లాక్కుని తల్లిని తన్నే కొడుకు మీద ఆ తల్లి కూడా వేయొచ్చు. ఈ సంగతి ఎంతమంది తల్లులకు తెలుసు? చట్టం గురించి టీవీల్లో, రేడియోల్లో, పత్రికల్లో తరచూ ప్రచారం చేయాలని 11వ సెక్షను ప్రభుత్వాన్ని ఆదేశించింది. ప్రకటనలు రావడం లేదని ఎవరన్నారు? మొదటి పేజీ నిండా వస్తున్నాయి. కాకపోతే వాటిలో చట్టం ఉండదు, నవ్వుతున్న నాయకుడి మొహం ఉంటుంది.

ఇక ఆ మహాతల్లి ధైర్యం చేసి బయల్దేరిందే అనుకుందాం. మొదటి మజిలీ ఎక్కడ? పోలీసు స్టేషన్. ఇంకెక్కడికి పోతుంది పాపం, రక్షణాధికారి ఆఫీసు ఏ వీధిలో ఉందో ఆ వీధివాళ్లకే తెలియదాయె. స్టేషన్లో రైటర్ తలెత్తకుండా అడుగుతాడు: 'ఏమ్మా, తాగొచ్చాడా?' తాగకుండానే కొట్టాడంటే అతనికి నమ్మకం కుదరదు. 'పిల్లలెంతమంది?' ఇద్దరు. 'మరి వాళ్ల మొహం చూసి సర్దుకుపోవాలి కదమ్మా. కేసు పెడితే రేపు వాడు నిన్ను ఏలుకుంటాడా?' వచ్చినామెకు ప్రొటెక్షన్ ఆర్డరు అడిగే హక్కుందనీ, ఉచితంగా లాయరును పెట్టుకోవచ్చనీ చెప్పాల్సిన బాధ్యత పోలీసుకుందని చట్టంలో 5వ సెక్షను చెబుతోంది. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం ముందే చెప్పింది. రైటర్ గారు చెప్పేది మాత్రం సంసార ధర్మం. ప్రవచనం ఉచితం. చట్టం అడిగితే మాత్రం, 'సీఐ గారు రానీ.'

తర్వాతి అంకం కౌన్సెలింగ్. అటు పెద్దమనుషులు, ఇటు చుట్టాలు, నడుమ ఆ మనిషి. మొగుడు కాళ్లు చాపుకుని కూర్చుంటాడు. మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. 'ఎందుకు కొట్టావయ్యా?' అంటే కారణం బాగుంటే కొట్టొచ్చన్నమాట! కూర చల్లారింది సార్. వాళ్లమ్మతో గంటలు గంటలు ఫోను సార్. మా అమ్మకు ఎదురు సమాధానం సార్. సభ తలూపుతుంది. 'నువ్వూ కొంచెం తగ్గాలమ్మా.' ఇప్పుడు 2006 నాటి నియమాలు తెరవండి. ఈ చట్టంలో కౌన్సెలింగ్ అంటే మేజిస్ట్రేటు పంపితే జరిగేది, పెద్దమనిషి మీసం దువ్వితే జరిగేది కాదు. అందులోనూ, కొట్టినవాడు కొట్టడానికి కారణాలు చెప్పుకోవడానికే వీల్లేదు. ఆ ముక్క ముందే అతనికి తెలియజెప్పి మరీ మొదలుపెట్టాలి. ఇక మీదట చెయ్యి చేసుకోనని అతని దగ్గర హామీ తీసుకోవాలి. 14వ నియమం. స్పష్టంగా ఉంది. మన దగ్గర పంచాయితీ మొత్తం ఆ కారణాల మీదే నడుస్తుంది. హామీ పత్రం మీద సంతకం ఎవరిది? ఆమెది. ఇకమీదట గొడవ పడకుండా కాపురం చేసుకుంటానని!

అక్కడా పని కాలేదు. ఎవరో పుణ్యాత్మురాలు, అంగన్‌వాడీ టీచరో, బాధితులకు సాయపడే సఖి కేంద్రంలో చిన్న జీతానికి పనిచేసే అమ్మాయో, దారి చూపించింది. గృహహింస నివేదిక రాయాలి. ఫారం ఒకటి. దాన్ని తయారు చేసినవాళ్లకు దండం పెట్టొచ్చు, ఎందుకంటే వాళ్లకు ఇళ్ల సంగతి తెలుసు. కట్నం తేలేదని సాధించారా, మగపిల్లాడు పుట్టలేదని దెప్పారా, ఉద్యోగానికి వెళ్లనివ్వలేదా, జీతం లాక్కున్నారా, ఇంట్లో ఫలానా గదిలోకి రావద్దన్నారా, కరెంటు బిల్లు కట్టకుండా వదిలేశారా... అన్నీ అడిగారు. కాగితం మీద ఇంత మనసున్న ప్రభుత్వాన్ని ఎక్కడా చూడం. ఒక గడి దగ్గర మాత్రం ఆమె పెన్ను ఆగిపోతుంది. హింస జరిగిన తేదీ, సమయం, స్థలం. ఏ తేదీ వేయాలి? పెళ్లయిన మూడో నెల నుంచి మొన్న రాత్రి దాకా అని వేయాలా? స్థలం అంటే వంటగదా, పడగ్గదా, మేనకోడలి ఓణీల ఫంక్షన్లో అందరి ముందా? ఎదురుగా కూర్చున్న ఉద్యోగి విసుక్కుంటాడు. 'ఏదో ఒక డేటు వేయమ్మా.' వేస్తుంది. రేపు క్రాస్ ఎగ్జామినేషన్లో అవతలి లాయరు ఆ ఒక్క తేదీనే పట్టుకుంటాడు. 'ఆ రోజు నా క్లయింటు తిరుపతిలో ఉన్నాడు యువరానర్, దర్శనం టికెట్టు ఇదిగో.'

నోటీసు కథ వేరే. రెండు రోజుల్లో అందాలన్నాం కదా. మొదటిసారి 'ఇంటికి తాళం'. రెండోసారి 'ఊళ్లో లేడు'. ఊళ్లో లేనివాడు ఆ సాయంత్రం వీధి చివర టీ కొట్టు దగ్గరే ఉంటాడు. అందరికీ కనిపిస్తాడు, నోటీసుకు తప్ప. చివరకు అందితే వాయిదా. వాయిదాకు అతని లాయరు కౌంటరుకు టైం అడుగుతాడు. ఇస్తారు. తర్వాత వాయిదాకు జడ్జి గారు సెలవు. ఆ తర్వాత లాయర్ల విధుల బహిష్కరణ. ఆ తర్వాత ఇన్‌చార్జి మేజిస్ట్రేటు, ఆయనకు తన కోర్టే మోయలేని బరువు. బంట్రోతు గుమ్మంలో నిలబడి పేరు పిలవడం, ఆమె పరుగున లోపలికి పోవడం, అర నిమిషంలో ఇంకో తేదీ రాయించుకుని బయటకు రావడం. నిజమే, ఒక సౌకర్యం పెరిగింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి స్త్రీ శక్తి. వాయిదాకు వెళ్లే బస్సు ఫ్రీ. న్యాయం రాకపోయినా రానూపోనూ ఖర్చు లేదు. జీరో టికెట్టు కొట్టించుకుని ఎన్నేళ్లయినా తిరగొచ్చు.

మధ్యలో ఉత్తర్వు ఇవ్వలేరా? ఇవ్వొచ్చు. అవతలివాడు రాకపోయినా, ఆమె అఫిడవిట్ చూసి ఆ రోజే ఇవ్వొచ్చని 23వ సెక్షను అంటోంది. ఇచ్చే మేజిస్ట్రేట్లు ఉన్నారు. వాళ్లకు నమస్కారం. ఎంతమంది ఉన్నారన్నది ఆడవాళ్ల అదృష్టం.

ఇక్కడికి వచ్చేసరికి కొందరు పెద్దలు గొంతు సవరించుకుంటారు. 'దుర్వినియోగం జరుగుతోందండీ.' టీవీ చర్చల్లో ఒకాయన, వాట్సాప్‌లో నలుగురు, పెళ్లిళ్లలో భోజనాల దగ్గర పదిమంది. అవునండీ, అబద్ధపు కేసులుంటాయి. చెక్ బౌన్సు కేసుల్లో లేవా? పొలం గట్టు తగాదాల్లో లేవా? తేల్చడానికే కదా కోర్టు ఉన్నది. ఒక్క చిన్న సందేహం తీర్చండి. కొట్టొద్దు అని రాసిన కాగితం వల్ల కొట్టనివాడికి వచ్చే నష్టమేమిటి? రోజూ కొట్టనివాడు రేపూ కొట్టడు, అంతేగా? ఆ కాగితం చూసి ఎవరి చెయ్యి దురద పెడుతోందో, ముందు అటు చూడండి.

ఇల్లు మరో కథ. కలిసి కాపురమున్న ఇంట్లోంచి ఆమెను గెంటకూడదని చట్టం చెప్పిందా? చట్టం అమల్లోకి వచ్చి రెండు నెలలైనా నిండకుండా, 2006 డిసెంబరులో సుప్రీంకోర్టే దానికి తూట్లు పొడిచింది. ఇల్లు అత్తగారిదైతే కోడలు ఉంటానని పట్టుబట్టలేదంది. ఇంకేం, మన తెలివైన అబ్బాయిలకు దారి దొరికింది. ఇల్లు అమ్మ పేర. కారు నాన్న పేర. పొలం అన్న పేర. అబ్బాయి పేర ఏముంది? రేషన్ కార్డు, గ్యాసు కనెక్షను. ఆ తీర్పు తప్పని, ఇల్లు ఎవరి పేరనున్నా ఆమె కాపురమున్న ఇల్లే అని అదే కోర్టు 2020 అక్టోబరులో చెప్పింది. పద్నాలుగేళ్లు! ఈ లోపు రోడ్డున పడ్డవాళ్ల సంచులు ఎవరు లోపల పెడతారు? ఆ దారి మూసుకుపోయిందని మరో ఎత్తు. అమ్మానాన్నలను ముందు పెట్టి, వృద్ధుల సంరక్షణ చట్టం కింద ఆర్డీవో దగ్గర కోడలి మీద పిటిషను. ఏళ్లుగా అమ్మకు మందులు కొనని పుత్రరత్నానికి ఆ రోజు హఠాత్తుగా మాతృభక్తి పొంగుతుంది. ఆ చట్టాన్ని అడ్డుపెట్టుకుని కోడలి హక్కును తుడిచేయలేరని కూడా 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

సరే, అన్నీ దాటి ఆర్డరు వచ్చింది. గుండ్రటి సీలు, సంతకం. కాపీ ఉచితంగా ఇవ్వాలి, స్టేషన్‌కూ పంపాలి. ఆ రాత్రే వాడు తలుపు బాదుతాడు. ఆమె ఫోను చేస్తుంది. 112కు చేస్తుంది, 181కి చేస్తుంది, చివరకు స్టేషన్‌కే పరుగెత్తి కాగితం బల్ల మీద పెడుతుంది. రైటర్ గారు కళ్లజోడు సవరించుకుని చదివి, మడిచి, తిరిగి ఇస్తూ అనే మాట వినండి.

'ఇది సివిల్ మ్యాటరమ్మా. కోర్టులోనే చూసుకోండి.'

కోర్టులో చూసుకునే కదయ్యా వచ్చింది! ఆర్డరు సివిలే. దాన్ని తన్నడం నేరం. 31వ సెక్షను. ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వారెంటు అక్కర్లేకుండా పట్టుకోవచ్చు, బెయిలు హక్కుగా దొరకదు. ఆమె ఒక్కతి సాక్ష్యం మీదే నేరం జరిగిందని కోర్టు తేల్చొచ్చు. ఇంకేం కావాలి? ఇంతకంటే విడమరిచి ఏ చట్టం చెబుతుంది? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదని ఊరికే అనలేదు. ఎమ్మెల్యే గారి ఫ్లెక్సీ చిరిగితే తెల్లారేసరికి అరెస్టులు. కోర్టు ఆర్డరు చిరిగితే 'సర్దుకోండి'.

అమెరికా సంబంధాల మోజున్న ఊళ్లలో ఒక చిత్రం కనిపిస్తుంది. అక్కడా భార్యల్ని కొట్టే మనవాళ్లున్నారు, వీసా మొగుడి చేతిలో ఉందని నోరు మూసుకునే అమ్మాయిలూ ఉన్నారు. అయినా కాలిఫోర్నియాలో తాత్కాలిక ఉత్తర్వు అడిగితే ఆ రోజే, లేదంటే మరుసటి పనిదినాన జడ్జి తేల్చేస్తాడు. 911 నొక్కితే గుమ్మంలోకి కారొస్తుంది. అదే అల్లుడు సెలవులకు ఇక్కడికి దిగీ దిగగానే గొంతు పెరుగుతుంది, చెయ్యి లేస్తుంది. అక్కడ పోలీసులు వస్తారని భయం. ఇక్కడ రారని ధైర్యం. మాతృభూమి మీద నమ్మకమంటే ఇదే కాబోలు.

ఆమెకు ఈ కష్టాలన్నీ ఎవరూ చెప్పకుండానే తెలుసు. అందుకే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దెబ్బలు తిన్న ఆడవాళ్లలో సాయం కోరినవాళ్లు దేశం మొత్తం మీద 14 శాతమే. అదే సర్వేలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 84 శాతం మంది ఆడవాళ్లు ఏదో ఒక కారణానికి భర్త కొట్టొచ్చన్నారు. ఈ అంకె చూపించి కొందరు మహానుభావులు నవ్వుతారు, 'చూశారా, వాళ్లకే అభ్యంతరం లేదు' అని. ఈ పాఠం వాళ్లకు చెప్పిందెవరు? ఎదురు తిరిగితే రైటర్ ఏమంటాడో, పెద్దమనుషులు ఏమంటారో, కన్నతల్లి ఏమంటుందో చిన్నప్పటి నుంచి చూసినవాళ్లు ఇంకేం చెబుతారు? హీరో చెంప పగలగొడితేనే హీరోయిన్‌కు ప్రేమ పుట్టే సినిమాలకు ఈలలు వేసింది ఏ ఊరివాళ్లు?

తాగుబోతు మొగుళ్ల మాట కూడా ఆ సర్వే చెప్పింది. తరచూ తాగే భర్తలున్న ఆడవాళ్లలో 70 శాతం మందికి దెబ్బలో, లైంగిక హింసో తప్పలేదు. తాగనివాళ్ల ఇళ్లలో అది 23 శాతం. ఈ మాట 1992లోనే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సర్వే లేకుండా చెప్పారు, సారా పాకల మీద పడి మరీ చెప్పారు. ఇప్పుడు వీధి చివర వైన్స్ లైసెన్సు ఇచ్చేదీ ప్రభుత్వమే, జిల్లాకొక సఖి కేంద్రం తెరిచేదీ ప్రభుత్వమే. వైన్స్‌లో సిబ్బంది కొరత ఎప్పుడైనా విన్నారా?

యాప్‌లకు మాత్రం కొరత లేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆడవాళ్ల రక్షణకని దిశ బిల్లు ఆమోదించింది. అది చట్టం కాలేదు. చట్టం లేకున్నా దిశ స్టేషన్లు వచ్చాయి, దిశ యాప్ వచ్చింది. సర్కారు మారింది. 2025 మార్చి 8న శక్తి యాప్ వచ్చింది. రేపు ఇంకో సర్కారు వస్తే ఇంకో దేవత పేరు. ఫోను ఊపితే పోలీసులొస్తారట. ఆ ఫోనునే మొగుడు నేలకేసి కొడితే ఏం ఊపాలో ఎవరూ చెప్పలేదు.

పాపం, రక్షణాధికారి సంగతికొద్దాం. ఆయన్నో ఆమెనో తిట్టి లాభం లేదు. చాలాచోట్ల అది అదనపు బాధ్యత. అంగన్‌వాడీ గుడ్ల లెక్క, పోషణ్ ట్రాకర్‌లో పిల్లల బరువులు, ముహూర్తాల సీజన్లో బాల్యవివాహాలు ఆపడం, మంత్రి వస్తే జనసమీకరణ. వీటి మధ్య నోటీసులు అందించాలి, నివేదిక రాయాలి, ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆశ్రయం చూపించాలి. అందుకో జీపు ఉందా? అడక్కండి.

విధి సరిగా చేయని రక్షణాధికారికి ఏడాది దాకా జైలని చట్టంలోనే ఉంది. 33వ సెక్షను. అబ్బో అనుకుంటున్నారా? తర్వాతి సెక్షను కూడా చదవండి. ఆ అధికారి మీద కేసు పెట్టాలంటే ప్రభుత్వం అనుమతి ముందే తీసుకోవాలి. అధికారిని పెట్టనిది ప్రభుత్వం. పెడితే నాలుగు పనులు నెత్తిన రుద్దింది ప్రభుత్వం. పని జరగలేదని కేసు పెట్టబోతే అనుమతి ఇవ్వాల్సిందీ ప్రభుత్వమే. మరి అధికారినే పెట్టని ప్రభుత్వానికి శిక్ష ఏ సెక్షను కింద? ఆ సెక్షను రాయడం మరిచిపోయారు.

మీరో పని చేయండి. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు కదా, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో మొన్నటి స్పందన, నేటి పీజీఆర్‌ఎస్. వెళ్లి మూడే మూడు ముక్కలు అడగండి. మా డివిజన్‌కు రక్షణాధికారి ఎవరు, ఫోన్ నంబరు ఏమిటి? మా స్టేషన్లో 31వ సెక్షను కింద ఇప్పటిదాకా ఎన్ని కేసులు కట్టారు? పని చేయని అధికారి మీద కేసుకు ప్రభుత్వం ఎన్నిసార్లు అనుమతిచ్చింది? నోటితో అడిగితే చెప్పరు. పది రూపాయలు కట్టి సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలని ఆ చట్టం గట్టిగా చెబుతోంది. అవునండీ, అదీ 2005 నాటిదే.